యూనిక్స్ దాయాదులు



మనకు మాట ఒకటే అయినా యాస వేరు. హోసూరు తెలుగు బరంపురంలో కాస్త వింతగా వినిపిస్తుంది. అయినా సర్దుకొని అర్థం చేసుకుంటాం. కంప్యూటర్‌కు ఆ ఓర్పు లేదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా పని ఆపేస్తుంది. అలాంటి తేడాలతో విడిపోయిన యూనిక్స్ కుటుంబం మళ్లీ ఎలా మాట కలిపిందో ఈ రోజు చెప్పుకుందాం.

యంత్రానికీ, మనం నడిపే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి పని చేయించేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే సిస్టమ్‌కు పునాది వేశారు. 1973లో దాన్ని ‘సి’ భాషలో తిరగరాశారు. దాంతో రకరకాల యంత్రాలకు దాన్ని మార్చుకునే వీలు కలిగింది. మాతృసంస్థ ఏ.టి. అండ్ టి. కంప్యూటర్ వ్యాపారం చేయరాదని అప్పట్లో ఆంక్ష ఉండేది. అందుకని విశ్వవిద్యాలయాలకు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము మూలరాతతో సహా, తక్కువ రుసుముకే ఇచ్చింది.

బర్క్లీ విశ్వవిద్యాలయం వారు దానికి మార్పులు చేసి, 1978 నుంచి బి.ఎస్.డి. పేరుతో పంచసాగారు. 1983లో ఏ.టి. అండ్ టి. ‘సిస్టమ్ ఫైవ్’ను విడుదల చేసింది. ఇల్లు రెండయింది. అచ్చు వేయమనడానికి సిస్టమ్ ఫైవ్‌లో ‘ఎల్‌పి’ అనాలి, బి.ఎస్.డి.లో ‘ఎల్‌పిఆర్’ అనాలి. ఒకచోట రాసిన ప్రోగ్రామును ఇంకోచోటికి తీసుకువెళ్లాలంటే దిద్దుకోక తప్పదు. నష్టం ఎవరికంటారా? కొన్నవారికే. ఒక కంపెనీ యంత్రం కొన్నాక దాని గుమ్మం దాటడం కష్టమయ్యేది.

1988లో ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ ‘పోసిక్స్’ ప్రమాణాన్ని వెలువరించింది. ఆ పేరు సూచించినవారు రిచర్డ్ స్టాల్‌మన్. లోపల ఎవరి పద్ధతి వారిదే, ప్రోగ్రాము పని అడిగే తీరు మాత్రం అందరికీ ఒకటే ఉండాలన్నది దాని సారం. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కూడా ఈ ప్రమాణాన్ని దృష్టిలో పెట్టుకొనే పెరిగింది. అందుకే యూనిక్స్ కోసం రాసిన ఎన్నో ప్రోగ్రాములు అందులోనూ నడిచాయి.

అయితే పోసిక్స్ కలిపింది మూలరాతనే. యంత్రభాషలోకి మారాక ప్రోగ్రాము తన కోరికలను అంకెలతో అడుగుతుంది. నేటి ఇంటెల్ తరహా 64 బిట్ యంత్రాల లినక్స్‌లో 1 అంటే ‘రాయి’. బి.ఎస్.డి. సంతతికి చెందిన ఫ్రీబిఎస్‌డిలో అదే 1 అంటే ‘ముగించు’. కలం అడిగితే కథ ముగించినట్టు! అందుకని ఫ్రీబిఎస్‌డి, వచ్చినది లినక్స్ ప్రోగ్రామని గుర్తుపట్టి, దానికి లినక్స్ అంకెల పట్టికతోనే పని చేసిపెడుతుంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని వాళ్ల భాషలోనే పలకరించడమన్నమాట.

మీ పిల్లలు ప్రోగ్రాములు రాస్తుంటే ఈ మాట చెప్పండి. ప్రమాణానికి కట్టుబడి రాయాలి, మూలరాతను భద్రంగా దాచుకోవాలి. రేపు యంత్రం మారినా ఆ కష్టం చాలావరకు వృథా కాదు.