పెన్సిల్ గీతలోని పాత లెక్క



కంప్యూటర్ వచ్చాక మన చేతి లెక్కలకు విలువ పోయిందని మనలో చాలామంది బాధపడుతుంటారు. లెడ్జర్లతోనే సర్వీసంతా గడిపిన నాకు ఒక లెక్క చరిత్ర ఊరటనిచ్చింది. దాన్ని మీతో పంచుకుంటాను.

పెన్సిల్‌లోని గ్రాఫైట్ అంటే కార్బన్ పొరల దొంతర. కెనడాలో పనిచేస్తున్న ఫిలిప్ వాలెస్ 1947లో గ్రాఫైట్‌లో ఎలక్ట్రాన్ల తీరు తెలుసుకోవడానికి ముందుగా ఒక్క పొరకే లెక్క కట్టారు. అలా విడదీసిన పొర అప్పటికి ఎవరి చేతిలోనూ లేదు. ఎలక్ట్రాన్లు నిండిన శక్తి పట్టీ, ఖాళీ పట్టీ కొన్ని బిందువుల దగ్గర మాత్రమే తాకుతాయని ఆ లెక్కలో తేలింది.

57 ఏళ్ల తర్వాత, 2004లో, మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్‌లు అంటుకునే టేపుతో గ్రాఫైట్‌ను ఒలిచి ఆ ఒంటి పొరను చూపించారు. అదే గ్రాఫీన్. 2010లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పొరను పనికి తగినట్టు మలచడానికి అందులో వేరే పరమాణువులు చేరుస్తారు. దీన్నే డోపింగ్ అంటారు. కార్బన్ బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లు, నైట్రోజన్‌కు 5, బోరాన్‌కు 3. మన లెడ్జర్ భాషలో, నైట్రోజన్ చేరితే ఒక ఎలక్ట్రాన్ జమ. బోరాన్ చేరితే ఒకటి బాకీ.

చేర్చక ముందే ఫలితం ఎలా ఉంటుందో లెక్కించవచ్చు. 50 పరమాణువుల ముక్కలో ఒకటి మార్చి, ఆ ముక్కే అన్ని దిక్కులా పునరావృతమైనట్టు భావిస్తారు. అంటే 2 శాతం డోపింగ్. ఒక్కో ఎలక్ట్రాన్ వెంట పడకుండా మొత్తం ఎలక్ట్రాన్ సాంద్రతతో లెక్క నడిపే పద్ధతికి 1964, 1965లలో వాల్టర్ కోన్, ఆయన సహచరులు పునాది వేశారు. కోన్‌కు 1998లో రసాయన శాస్త్ర నోబెల్ లభించింది. 2009లో బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో సి.ఎన్.ఆర్. రావు, ఉమేశ్ వాఘ్మారే బృందం ఇలాంటి గ్రాఫీన్‌ను తయారుచేసి, దాని లక్షణాలను లెక్కకట్టి కూడా చూసింది.

ఇంత పెద్ద కంప్యూటర్ లెక్కల కాలంలోనూ గ్రాఫీన్ పాఠం సాధారణంగా వాలెస్ లెక్కతోనే మొదలవుతుంది. ఆయన 2006లో కన్నుమూశారు. తాను కాగితం మీద చూసిన పొర నిజంగా చేతికందిన వార్త ఆయన జీవితకాలంలోనే వచ్చింది. శ్రద్ధగా కట్టిన లెక్కకు రిటైర్‌మెంట్ లేదని నా నమ్మకం.