చివరి కుబుసంతో మారే దారం: ఆడ, మగ సాలీళ్ల పట్టు గ్రంథులు

సాలీడు పట్టు మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఆడ సాలీళ్ల మీద జరిగింది. 2009లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ప్రదర్శించిన బంగారు రంగు వస్త్రం కోసం మడగాస్కర్‌లో పది లక్షలకు పైగా సాలీళ్ల నుంచి దారం తీశారు. అవన్నీ ఆడవే. ఆ జాతికి దగ్గరి చుట్టం నెఫిలా పిలిపెస్ మన తూర్పు కనుమల్లో ఉంది. పెదబయలు వంటి మన్యం మండలాల్లోని అడవి అంచులు, కాఫీకి నీడనిచ్చే చెట్ల నడిమి ఖాళీలు ఇలాంటి పెద్ద గూళ్లు అల్లే సాలీళ్లకు అనువైన చోట్లు. ఆడ నెఫిలా శరీరం 30 నుంచి 50 మిల్లీమీటర్లు, మగది 5, 6 మిల్లీమీటర్లు. ఆడదాని గూటిలోనే ఒక పక్కన ఉండే మగదాన్ని చూసి పిల్ల సాలీడని పొరబడేవాళ్లు ఎక్కువ. ఎదిగాక అది సొంత గూడు కట్టదు.

ఇది ఒక్క నెఫిలా సంగతి కాదు. గుండ్రటి గూడు అల్లే సాలీళ్లలో ఇదే సాధారణం. కారణం అరానియస్ వంటి ప్రజాతుల్లో స్పష్టంగా తెలిసింది. ఉదరం చివర మూడు జతల స్పిన్నరెట్లు ఉంటాయి. వాటి మీది సన్నని గొట్టాల్లోంచి ఒక్కో గ్రంథి దారం ఒక్కో చోట బయటికి వస్తుంది. ఎదిగిన ఆడదానిలో గ్రంథులు ఏడు రకాలు. వేలాడే దారానికి ఒకటి, దాన్ని ఆకుకో కొమ్మకో అతికించడానికి ఒకటి, ఎరను చుట్టడానికి ఒకటి, ఇలా పని పంచుకుంటాయి. గూటిలో చుట్లుగా సాగే జిగురు దారానికి మాత్రం రెండు రకాల గ్రంథులు కలిసి పనిచేయాలి: ఒకటి సాగే పోగు ఇస్తే, రెండోది దానికి జిగురు పూస్తుంది. వెనక జతలోని ఒక్కో స్పిన్నరెట్ మీద వీటి గొట్టాలు మూడు పక్కపక్కనే ఉంటాయి. పిల్ల దశలో మగవాటికీ ఇవి ఉంటాయి, అవీ గూడు అల్లి ఎర పడతాయి. చివరి కుబుసం విడిచాక ఆ గొట్టాల స్థానంలో పనికిరాని మొటిమలు మిగులుతాయి. ఈ మార్పును నేను క్షీణతగా చూడను. ఆడదాన్ని వెతుక్కుంటూ తిరగాల్సిన దశలో జిగురు గ్రంథులను పోషించడం మగదానికి దండగ. దారి పొడవునా వదిలే దారం, దాన్ని అతికించే గ్రంథి మాత్రం దానికి చివరిదాకా ఉంటాయి.

ఆడదానికి మాత్రమే ఉన్నవి గుడ్ల సంచి అల్లే గ్రంథులు. అరానియస్‌లో ఇవి మూడు జతలు, ఎదిగే వయసుకే పనిలోకి వస్తాయి. అయితే మగదానికి మాత్రమే ఉన్న గ్రంథులూ ఉన్నాయి. చాలా కుటుంబాల మగ సాలీళ్లకు ఉదరం కింద, జననరంధ్రం ముందు, స్పిన్నరెట్లకు దూరంగా చిన్న దారపు గొట్టాలు ఉంటాయి. మగది ముందుగా ఒక చిన్న వల అల్లి, దాని మీద వీర్యపు బొట్టు వదిలి, దాన్ని నోటి పక్కనున్న స్పర్శాంగాల్లోకి ఎక్కించుకుంటుంది. ఆ వలకు ఈ గొట్టాల దారం తోడవుతుంది. ఇక నెఫిలా పిలిపెస్ మగది సంపర్క సమయంలో ఆడదాని వీపు మీద సన్నని దారం పరుస్తుంది. దానివల్ల ఆడదాని దాడి తగ్గుతుందని 2011లో వెలువడిన అధ్యయనం చూపింది.

పట్టుపురుగుల్లో ఇలాంటి చీలిక ఉండదు. అవి పురుగు దశలోనే గూడు కడతాయి కనుక ఆడ, మగ రెండూ పట్టు ఇస్తాయి.

జిగురు లేని ఉన్నిలాంటి దారం తీసే సాలీళ్లలో మాత్రం గుండ్రటి గూళ్లు అల్లేవాటి లాగే ఎదిగిన మగవాటిలో మార్పు కనిపిస్తుంది. కుప్పం ప్రాంతంలో పరిశోధకులు అధ్యయనం చేసిన స్టెగోడిఫస్ సరసినోరమ్ గుంపులుగా బతికే జాతి. ఆ దారానికి స్పిన్నరెట్ల ముందు వేలకొద్దీ సూక్ష్మ గొట్టాలున్న పలక, దాన్ని దువ్వడానికి నాలుగో కాలి మీద వెంట్రుకల దువ్వెన ఉంటాయి. ఇలాంటి పరికరమున్న సాలీళ్లలో ఎదిగిన మగవాటికి అది సాధారణంగా కుంచించుకుపోతుంది.

అందుకే గూళ్లను మాత్రమే లెక్కించే సర్వేలో ఎదిగిన మగవి లెక్కకు రావు. పాడేరు, పెదబయలు వైపు సాలీళ్లను నమోదు చేసే విద్యార్థులకు నా విన్నపం ఒకటే: గూడు లేకుండా తిరిగే మగవాటినీ సేకరించండి, విడిచిన కుబుసాలను పారేయకండి. స్పిన్నరెట్ల గొట్టాల ఆకారం కుబుసం మీద కూడా నిలిచి ఉంటుంది. ఒకే సాలీడు వరుస కుబుసాలను సూక్ష్మదర్శిని కింద పోల్చితే, దాన్ని చంపకుండానే చివరి కుబుసం దాకా గొట్టాల తీరును దశలవారీగా నమోదు చేయవచ్చు; ఆ తర్వాతి మార్పును మాత్రం ఎదిగిన సాలీడు మీదే చూడాలి.