మోటారు సైకిలు ముంగాళ్ళ కథ

గతుకుల బాటపై పరుగిడు మోటారు సైకిలును పరికించి చూచినచో, దాని ముందు చక్రము ఒకేసారి రెండు పనులు చేయుచుండుట గమనింపవచ్చును. వాహనమును కోరిన దిక్కునకు త్రిప్పుట మొదటిది. బాటలోని ఎగుడుదిగుడులను తనలో ఇముడ్చుకొనుట రెండవది. ఈ రెండును ఒకదానికొకటి అడ్డు తగులునవే. దారి తప్పకుండుటకు చక్రము ప్రక్కలకు ఊగక గట్టిగా నిలువవలెను. కుదుపును మ్రింగుటకు పైకి క్రిందికి తేలికగా కదలవలెను. ఈ చిక్కు విడుటకు సుమారు అర్ధ శతాబ్దము పట్టినది.

1885లో జర్మనీలో డైమ్లర్, మేబాక్ అనువారు నిర్మించిన పెట్రోలు ద్విచక్ర వాహనమునకు కఱ్ఱ చట్రముండెను. ముందు చక్రమునకు స్ప్రింగు లేదు. తరువాతి మోటారు సైకిళ్ళు పెక్కు సాధారణ సైకిలు ఫోర్కునే అరువు తెచ్చుకొన్నవి. వేగము పెరిగినకొలది ప్రతి దెబ్బయు నడుపువాని మణికట్లకును, ఫోర్కు అతుకులకును తగులసాగెను. ముందు ఫోర్కు విరిగినచో బండి ఆగుటతో సరిపోదు; మనిషి పడును.

అందుచే గర్డరు ఫోర్కు వచ్చినది. ఇందు చక్రమును పట్టియుంచు చట్రము చిన్న లంకెలపై కదలుచుండును. నడుమ ఒక స్ప్రింగు దానిని ఆపును. ఇది దృఢమైనదే కాని, కదలిక స్వల్పము. లంకెల సీలలు అరిగినచో చక్రము ప్రక్కలకు ఆడును.

ఒక గొట్టములో మరియొకటి జారు టెలిస్కోపిక్ ఫోర్కును ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ స్కాట్ 1908 నాటికే వాడెను. డెన్మార్కులోని నింబస్ బండికి 1934లో అట్టిది అమర్చిరి. కాని స్ప్రింగునకు ఒక స్వభావము కలదు: ఒకసారి నొక్కి విడిచినచో అది వెంటనే ఊరకుండక మరల మరల ఎగురును. ఆ ఎగురుటలో చక్రము నేలను వీడినచో బ్రేకు పనిచేయదు, మలుపు తిరుగదు. 1935లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన ఆర్12, ఆర్17 బండ్ల ఫోర్కులో నూనెను చేర్చెను. సన్నని రంధ్రముల గుండా పోవు నూనె కదలికను నిరోధించి, స్ప్రింగు శక్తిని వేడిగా మార్చి అణచివేయును. ఇంగ్లండులో 1941లో మ్యాచ్‌లెస్ సంస్థ సైనిక వాహనములకు ఇట్టి ఫోర్కునే అమర్చెను. యుద్ధానంతరము ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను.

మన దేశమునకు ఇది బాగుగా పరిచయమైనది బుల్లెట్టు ద్వారా. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడెను. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను తిరువొత్తియూరులో కూర్చెడివారు; క్రమముగా అవియు ఇచ్చటనే తయారైనవి.

పాత బుల్లెట్టు ఫోర్కును విప్పి మరల బిగించు మెకానిక్కు ఈ చరిత్రనంతటిని తన చేతులతో తిరిగి నడపుచున్నాడనవచ్చును. మొదట స్టీరింగు తలలోని గిన్నెలలో గ్రీజు దట్టించి, విడి ఉక్కు గుండ్లను అందు అంటించును. నట్టు బిగువైనచో హ్యాండిలు బరువెక్కి బండి దారి తప్పుచుండును. వదులైనచో బ్రేకు వేసినపుడెల్ల తల కొట్టుకొని గిన్నెలకు గుంటలు పడును. కనుక ముందు చక్రమును పైకెత్తి చూచును. హ్యాండిలు తన బరువుతోనే ఇరుప్రక్కలకు వ్రాలవలెను. కాళ్ళను పట్టి ముందువెనుకలకు కదపినచో ఏ మాత్రము ఆడరాదు.

పిదప రెండు కాళ్ళలోను సరిసమానముగా నూనె పోయును. ఇరుసు దూర్చిన వెంటనే అన్నిటిని బిగింపడు. ఫోర్కును నాలుగైదు మార్లు క్రిందికి నొక్కి, కాళ్ళు రెండును సమాంతరముగా కుదురుకొన్న తరువాతనే చివరి నట్లు బిగించును. ఈ వరుస తప్పినచో గొట్టములు వంకరగా ఒరసికొని, నూనె సీళ్ళు చెడి, ఫోర్కు మరల కఱ్ఱవలె బిగుసుకొనును. అనగా యాబది యేండ్ల కృషిని ఒక తొందరపాటు వ్యర్థము చేయగలదు.