మూగతెర భీష్ముఁడు

భీష్మప్రతిజ్ఞ యనఁగనే శంతనుని కొడుకు పలికిన భీషణవాక్యము మన చెవుల మ్రోఁగును. మాటయే లేని తెరపై ఆ ప్రతిజ్ఞను నటించి చూపిన తెలుఁగువారు రఘుపతి సూర్యప్రకాశ్ గారు.

వారి తండ్రి వెంకయ్యనాయుఁడుగారు బందరువారు. చెన్నపట్టణమున ఛాయాచిత్రములు తీయుచు, పిదప చలనచిత్రములఁ బ్రదర్శించి, సినిమాహాళ్లు కట్టించిరి. కుమారుని సీమకుఁ బంపి ఆ విద్య నేర్పించిరి. 1921లో తండ్రికొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ పేర ‘భీష్మప్రతిజ్ఞ’ తీసిరి. దర్శకుఁడును భీష్ముఁడును ప్రకాశ్ గారే. గంగగా పెగ్గీ కాస్టెల్లో యను ఆంగ్లో ఇండియను వనిత నటించెను. ప్రతిజ్ఞ యనఁగా వాక్కు. మూగచిత్రమున నది లేదు గనుక కన్నును, చేయియు, నిలుకడయుఁ బలుకవలసివచ్చెను. తక్కినది తెరమీఁది యక్షరములు చెప్పెను.

టాకీలు వచ్చినపిదప ప్రకాశ్ గారు ‘చండిక’ (1940), ‘తారాశశాంకము’ (1941) మున్నగు చిత్రములకు దర్శకత్వము వహించి, 1956లో గతించిరి.

తండ్రి పేర 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పురస్కారము నెలకొల్పినది. కొడుకు భీష్ముఁడైన యా చిత్రము మాత్రము నేఁడు లభింపదు. తండ్రికొఱకు సర్వమును విడిచిన కొడుకు కథ నాడినవారు తండ్రి పేరి నీడనే నిలిచిరి. ఆదిపర్వము చదువుకొనునపుడు ఈ భీష్ముని నొకమాఱు తలఁచుకొనుఁడు.