చూపు కూడా అమానతే

మోతియాబిందు ఆపరేషన్ అంగ్రేజీ ఇల్మ్ అనుకుంటాం. వెయ్యేళ్ల కిందటే మోసుల్ హకీం అమ్మార్ బిన్ అలీ బోలు సూదితో మెత్తటి మోతియాబిందును పీల్చి తీశాడు. ఈజిప్టులో ఉండగా ఆ తరీఖాను కితాబులో రాసిపెట్టాడు.

కంటి ముందరి కార్నియా తెల్లబడితే మాత్రం సూది చాలదు, ఇంకొకరి కన్ను కావాలి. 1905లో డాక్టర్ ఎడువార్డ్ జిర్మ్ అలా అతికి, తొలిసారి చూపు నిలబెట్టాడు.

మరి మయ్యత్ కన్ను తీయడం జాయిజేనా? ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. మయ్యత్ హుర్మత్ పోతుందని కొందరంటారు. 1988లో జిద్దాలో అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ ఇజాజత్ ఇచ్చింది. షరతులూ పెట్టింది: పోయినవారో వారసులో ఒప్పుకోవాలి, అమ్మకూడదు.

కన్ను మౌత్ తర్వాత కొద్ది గంటల్లోనే తీయాలి. జనాజా దగ్గర బహస్‌కు వక్త్ ఉండదు. మీ ఆలిమ్‌ను అడగండి. అవునో కాదో, ఇవాళే దస్తర్‌ఖాన్ దగ్గర అమ్మీఅబ్బాలతో మాట్లాడుకోండి.