తిండి మానేసిన పిల్లల కథ ఎవరు చెబుతున్నారు?

1869 ఫిబ్రవరిలో వేల్స్‌లోని ఒక పత్రికకు ఒక పల్లెటూరి చర్చి గురువు ఉత్తరం రాశాడు. కార్మార్తెన్‌షైర్‌లోని తమ ఊళ్ళో సారా జేకబ్ అనే రైతుబిడ్డ ఏడాదికి పైగా ఏమీ తినకుండా బతికే ఉందని, వైద్యులు వచ్చి పరీక్షించాలని ఆ ఉత్తరం సారాంశం. అప్పటికి ఆ పిల్లకు పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ఉత్తరం అచ్చయ్యాక జనం రైళ్ళెక్కి వచ్చారు. స్టేషన్ నుంచి ఇంటికి దారి చూపడానికి కుర్రాళ్ళు టోపీలకు చీటీలు తగిలించుకుని నిలబడేవారు. రిబ్బన్లతో అలంకరించి పడుకోబెట్టిన పిల్లను చూసి, పక్కన చిల్లర డబ్బులో చిన్న కానుకో పెట్టి వెళ్ళేవారు.

నమ్మేవాళ్ళకూ నమ్మనివాళ్ళకూ పత్రికల్లో వాదన ముదిరింది. చివరికి లండన్‌లోని గైస్ హాస్పిటల్ నుంచి నర్సులను పిలిపించి, 1869 డిసెంబర్ 9 నుంచి రాత్రింబవళ్ళు కాపలా పెట్టారు. అడిగితే తిండి పెట్టవచ్చు, అడగకపోతే పెట్టనక్కరలేదని ఒప్పందం. పిల్ల అడగలేదు. అంతకుముందు ఎవరూ చూడకుండా ఏదో కొంచెం తింటూ ఉండి ఉండాలి, ఇప్పుడు ఆ వీలు పోయింది. డిసెంబర్ 17న ఆకలితో చనిపోయింది. మరుసటి ఏడు తండ్రికి పన్నెండు నెలలు, తల్లికి ఆరు నెలలు జైలుశిక్ష పడింది. ఉత్తరం అచ్చేసినవారికి గానీ, కాపలా ఏర్పాటు చేసిన పెద్దమనుషులకు గానీ, చిల్లర వేసి చూసి వెళ్ళినవారికి గానీ ఏ శిక్షా లేదు.

ఈ పాత కథ ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఇంగ్లండ్‌లోనే ఉండే ఒక స్నేహితురాలు ఈ మధ్య నాకు రెండు వీడియోలు పంపింది. ఒకటి ఆమె పదిహేనేళ్ళ కూతురు చూస్తున్నది. అందులో ఒక అమ్మాయి తనకొచ్చిన అనొరెక్సియా గురించి, దాన్నుంచి బయటపడటం గురించి చెబుతోంది. మంచి మాటలే, కానీ సగం సేపు తెరమీద ఆమె చిక్కి శల్యమైనప్పటి ఫొటోలే. రెండోది తెలుగు వీడియో. పిల్లలు తిండి మానేయడం మొండితనమని, ఆకలి పుట్టించే కషాయం ఇస్తే సరిపోతుందని చెబుతోంది. "వీటిలో దేన్ని నమ్మమంటావు?" అని ఆమె అడిగింది. నేను వైద్యుణ్ణి కాను. కానీ ఈ వ్యాధి గురించి ఎవరు ఏం చెప్పారు, వాళ్ళను జనం ఎందుకు నమ్మారు అన్నదానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే వీడియోలను చూసే చూపు మారుతుంది.

ముందు పేరు సంగతి. అనొరెక్సియా అన్న గ్రీకు మాటకు ఆకలి లేకపోవడం అని అర్థం. మన ఆయుర్వేదంలోని అరుచి, అరోచకం దానికి దగ్గరి మాటలు. తెలుగు వీడియో కషాయం దాకా వెళ్ళింది బహుశా ఈ దారినే. కానీ అనొరెక్సియా నెర్వోసాలో ఆకలి చచ్చిపోవడం అసలు విషయం కాదు. చాలామందికి ఆకలి వేస్తుంది, రోజంతా తిండి ఆలోచనే ఉంటుంది, అయినా తినలేరు. పేరే తప్పుదారి పట్టించే వ్యాధి ఇది.

ఆ పేరు పెట్టినవాడు సర్ విలియం గల్. ఆయనదీ గైస్ హాస్పిటలే, సారా దగ్గరకు నర్సులు వెళ్ళిన చోటే. 1873లో లండన్‌లోని వైద్యుల సభలో తన రోగుల గురించి ఒక వ్యాసం చదివాడు. అదే ఏడు పారిస్‌లో లసేగ్ అనే వైద్యుడు విడిగా ఇదే వ్యాధిని వర్ణించాడు. అంతకు దాదాపు రెండు శతాబ్దాల ముందే, 1689లో, రిచర్డ్ మార్టన్ అనే ఆంగ్ల వైద్యుడు క్షయ గురించి రాసిన పుస్తకంలో ఏ క్షయా లేకుండా క్షీణించిపోయిన ఇద్దరు పిల్లల సంగతి రాశాడు. ఒకరు అమ్మాయి, ఒకరు అబ్బాయి. ఇది ఆడపిల్లల జబ్బే అనుకునేవారు ఆ రెండో కేసును గుర్తుపెట్టుకోవాలి.

గల్ వ్యాసం 1874లో అచ్చయినప్పుడు దానితోపాటు బొమ్మలు కూడా వేశారు. రోగి చిక్కిపోయినప్పుడు ఒకటి, కోలుకున్నాక ఒకటి, ఫొటోలు చూసి చెక్కినవి. పక్కన బరువులు, ఎత్తులు. వైద్యులకు వైద్యుడు చూపిన ఆధారం అది, అందులో తప్పేమీ లేదు. కానీ "అప్పుడు – ఇప్పుడు" అన్న ఆ జంట బొమ్మే నూటయాభై ఏళ్ళ తర్వాత వీడియోల మీద అతికించే మొదటి బొమ్మ అయింది. వైద్యుల సభలో అది చికిత్స ఫలించిందనడానికి రుజువు. అదే జబ్బులో ఉన్న పిల్ల చేతిలోని ఫోన్‌లో అది పోటీ: నేనింకా అంత చిక్కలేదు, కాబట్టి నాకు జబ్బు లేదు. గల్ ఇచ్చిన అంకెలు నేనిక్కడ రాయకపోవడానికి కారణం అదే. ఈ రుగ్మత ఉన్నవాళ్ళకు బరువు అంకె సమాచారంగా ఉండదు, చేరాల్సిన గురిగా మారిపోతుంది.

వైద్యులు చెప్పిందంతా నిజమేనా అంటే, అదీ కాదు. 1914లో జర్మన్ పెథాలజిస్టు సిమండ్స్, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని క్షీణించి చనిపోయిన ఒక రోగి గురించి రాశాడు. దాంతో ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళపాటు అనొరెక్సియా రోగుల్లో చాలామందిని గ్రంథి జబ్బు కింద లెక్కగట్టి గ్రంథి సారం మందులిచ్చారు. ఇంకో పొరపాటు ఇంతకంటే ఎక్కువ కాలం బతికింది. ఇంటివాళ్ళు ఈ రోగులకు సంరక్షకులుగా పనికిరారని గల్ రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో హిల్డా బ్రూక్ పుస్తకాలు, ముఖ్యంగా 1978లో వచ్చిన 'ది గోల్డెన్ కేజ్', ఈ వ్యాధిని మామూలు పాఠకులకు పరిచయం చేశాయి. ఆమె రోగుల మాట శ్రద్ధగా విన్న మనిషి. కానీ ఆ రాతల నుంచి జనానికి మిగిలింది, తప్పంతా తల్లి పెంపకానిదే అన్న భావన. 1987లో లండన్ మాడ్‌స్లీ హాస్పిటల్ బృందం చికిత్సలో కుటుంబాన్నే ముందు నిలబెట్టి చేసిన పరీక్షల ఫలితాలు ప్రచురించింది. చిన్నవయసులో జబ్బు మొదలై ఎక్కువ కాలం కానివారికి ఆ పద్ధతి బాగా పనిచేసింది. తల్లిదండ్రులు పక్కన కూర్చుని పూటపూటా తినిపించే ఆ పద్ధతే ఈనాడు కౌమారంలోని పిల్లలకు ముందుగా సూచించే చికిత్సల్లో ఒకటి. అయినా తల్లిని నిందించే వీడియోకు ఇప్పటికీ కరువు లేదు. పుస్తకంలో దిద్దుకున్న తప్పు జనం నోట దిద్దుబాటు కావడానికి ఇంకో తరం పడుతుంది.

మొండితనం అన్న మాటకు జవాబు మినెసోటాలో దొరికింది. 1944–45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధంలో ఆయుధం పట్టనన్న 36 మంది యువకులతో ఒక ప్రయోగం చేశాడు. యుద్ధం ముగిశాక యూరప్‌లో ఆకలితో మాడినవారికి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆరు నెలలపాటు వాళ్ళకు సగం తిండే పెట్టారు. ఆరోగ్యవంతులని ఏరికోరి తీసుకున్న ఆ మగవాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. భోజనాన్ని చాలాసేపు సాగదీసి తిన్నారు. నలుగురిలో కలవడం మానేశారు, చిరాకుపడ్డారు, దిగులుపడ్డారు. అంటే ఈ జబ్బులో మనం స్వభావం అనుకునే వాటిలో చాలా భాగం పస్తు తెచ్చిపెట్టేదే. తిండి మానేసిన పిల్లతో వాదించి గెలవలేకపోవడానికి కారణం మొండితనం కాదు, ఆకలితో ఉన్న మెదడు.

ఇక కథలు రోగాన్ని ఎలా మోసుకెళతాయో చూద్దాం. 1983 ఫిబ్రవరి 4న అమెరికన్ గాయని కేరెన్ కార్పెంటర్ 32 ఏళ్ళకే చనిపోయింది. అంతవరకు వైద్య పుస్తకాలలో ఉన్న పేరు ఇంటింటికీ తెలిసింది. ఎందరో సాయం కోరి ముందుకు వచ్చారు, అది మేలే. హాంకాంగ్‌లో జరిగింది మరోలా ఉంది. అక్కడ సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 1993లో ప్రచురించిన పరిశోధనలో, ఆయన చూసిన 70 మంది రోగుల్లో సగానికి పైగా లావవుతామన్న భయమే లేనివాళ్ళు. కడుపు ఉబ్బరం, తినబుద్ధి కాకపోవడం అని చెప్పేవారు. 1994లో ఒక బడిపిల్ల నడివీధిలో కుప్పకూలి చనిపోయింది. పత్రికలు పశ్చిమ దేశాల పుస్తకాల నుంచి వివరణ తెచ్చి అచ్చేశాయి: ఇది లావంటే భయపడే జబ్బు అని. తర్వాతి ఏళ్ళలో వచ్చిన రోగులు రానురాను ఆ భాషలోనే తమ బాధ చెప్పుకోసాగారు. పత్రికలే రోగాన్ని పుట్టించాయనడానికి వీల్లేదు, కానీ బాధకు ఒక రూపం అచ్చులో దొరికింది.

ఫిజీ సంగతి కూడా తరచు వింటాం. మద్రాసు రేవు నుంచి గిరిమిట్ కూలీలుగా తెలుగువాళ్ళు కూడా వెళ్ళిన దీవులు అవి. అయితే ఆన్ బెకర్ పరిశోధన వాళ్ళ మీద కాదు, అక్కడి స్థానిక ఫిజీ బాలికల మీద. 1995లో నద్రోగా ప్రాంతానికి టెలివిజన్ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి అడిగారు. బరువు కోసం వాంతి చేసుకుంటున్నామని మొదటిసారి ఎవరూ అనలేదు. మూడేళ్ళకు 11.3 శాతం మంది అన్నారు. చాలా వీడియోలు దీన్ని "టీవీ వచ్చింది, జబ్బు వచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. రెండుసార్లు అడిగింది వేర్వేరు బాలికలను, ఒక్కోసారి అరవై పైచిలుకు మందినే. కాబట్టి బలమైన హెచ్చరికగా తీసుకోవాలి గానీ తుది తీర్పుగా కాదు. ఒక వీడియో నమ్మదగినదా అని చూడటానికి ఇదొక మంచి గీటురాయి. తన మాటకు హద్దు ఎక్కడో చెబుతోందా, లేదా?

ఇంటర్నెట్ వచ్చాక ఈ జబ్బును జీవనశైలిగా కీర్తించే పేజీలు పుట్టాయి. 2001లో యాహూ అలాంటివాటిని తొలగించడం మొదలుపెట్టింది, అవి వేరే చోట్లకు తరలాయి. 2013లో వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కోసం యూట్యూబ్‌లోని 140 వీడియోలను వైద్యులు కూర్చుని చూశారు. 55.7 శాతం సమాచారం ఇచ్చేవే, 29.3 శాతం జబ్బును పోషించేవి. చెడ్డవి సంఖ్యలో తక్కువే, కానీ చూసినవారు వాటిని ఇష్టమైనవిగా గుర్తుపెట్టుకోవడం దాదాపు మూడు రెట్లు ఎక్కువ. మంచి మాట దొరక్క కాదు, అది ముద్దు రాక. 2023లో యూట్యూబ్ తన నియమాలు మార్చి, అనుకరించడానికి వీలయ్యే వివరాలున్న వీడియోలను తొలగిస్తామని, కొన్నింటిని పద్దెనిమిదేళ్ళు నిండినవారికే చూపుతామని ప్రకటించింది. నియమాలు ఇంగ్లీషు వీడియోలకు పనిచేసినంత బాగా తెలుగువాటికి పనిచేస్తాయని నేను నమ్మలేను. నేను తెలుగులో వెతికితే ముందు వరసలో వచ్చినవి బరువు తగ్గించే వీడియోలే. తిండికి భయపడే పిల్ల కోసం వెతుకుతున్న తల్లి ముందు అవి వచ్చి కూర్చుంటాయి.

స్నేహితురాలికి నేను చెప్పింది ఇదే. చెప్పే మనిషి ఎవరో, ఏం చదివారో చూడు. స్వానుభవం చెబుతున్నవారైతే ఓదార్పుగా విను, చికిత్సగా కాదు. బరువులు, కేలరీలు, ఎముకలు తేలిన ఫొటోలు ఉంటే, ఉద్దేశం ఎంత మంచిదైనా ఆ వీడియో నీ కూతురికి పనికిరాదు. ఒకే కారణం, ఒకే మందు చెప్పేదాన్ని నమ్మకు. తల్లిని దోషిని చేసేదాన్ని అసలు నమ్మకు. చివర్లో డాక్టరు దగ్గరకు వెళ్ళమని చెప్పకుండా ఇంకో వీడియో చూడమని చెబితే దాన్ని అక్కడే ఆపెయ్.

ఇంకో మాట కూడా చెప్పాను. మన ఇళ్ళలో ఏకాదశులు, ఒంటిపూటలు కొత్త కావు. ఉపవాసానికి పారణ ఉంటుంది, ఫలానా వేళకు విడవాలని లెక్క ఉంటుంది. విడవలేని ఉపవాసం భక్తీ కాదు, పట్టుదలా కాదు. మానసిక రుగ్మతల్లో ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి, త్వరగా చికిత్స మొదలుపెడితే కోలుకునే అవకాశమూ ఎక్కువ. ఇక్కడైతే ముందు ఫ్యామిలీ డాక్టరును కలవాలి. ఊళ్ళో ఉన్నవారికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆమె మరునాడే అపాయింట్‌మెంట్ తీసుకుంది. పిల్ల ఫోన్ లాక్కోలేదు. ఆ వీడియోను ఒకసారి ఇద్దరూ కలిసి చూశారట. సగంలో కూతురే ఆపి, "ఇందులో ఫొటోలు వద్దమ్మా" అందట.