భూమి లేటవుతోందని మట్టి పలక చెప్పింది!

ఈరోజు ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్తాను. జాబ్‌లో చేరిన కొత్తలో పాత లాగ్ ఫైల్స్ క్లీన్ చేసే పని ఇచ్చారు. శాటిలైట్ నుంచి టైమ్ తీసుకునే ఒక డివైస్ లాగ్స్ అవి. ఒకచోట టైమ్ 5:29:60 అని ఉంది. 59 తర్వాత 00 కదా రావాలి, ఈ 60 ఏంటి? డేటా పాడైంది అనుకుని ఆ లైన్ లేపేశా. రెండ్రోజులకి మా సీనియర్ చూసి, "తమ్ముడూ, ఆ సెకను నిజంగానే వచ్చిందిరా" అన్నాడు.

అవును, వచ్చింది. 2017 జనవరి 1 పొద్దున మన టైమ్ ప్రకారం 5:29:59 తర్వాత ఒక సెకను ఎక్స్‌ట్రాగా కలిపారు. దాన్ని లీప్ సెకండ్ అంటారు. అటామిక్ గడియారాల్లో వాడే సెకను పొడవు ఇంచుమించు 1800ల నాటి రోజుని బట్టి ఫిక్స్ అయింది. ఆ తర్వాత భూమి కాస్త నెమ్మదించింది. రోజూ ఒకటీ రెండు మిల్లీసెకన్ల తేడా పోగవుతూ వస్తుంది. అది సెకను దాకా చేరితే గడియారాన్ని ఆపి భూమి కోసం వెయిట్ చేయిస్తారు. 1972 నుంచి ఇలా 27 సార్లు చేశారు.

నేను ఆ లైన్‌ని నమ్మలేదు కదా. ఇలాంటిదే ఇంకో ఎంట్రీ ఉంది. సెకను కాదు, ఏకంగా మూడు గంటల తేడా. అది చూడాలంటే ఇప్పటి ఇరాక్‌లో ఉన్న బాబిలోన్‌కి వెళ్ళాలి.

క్రీస్తు పూర్వం 136, మన క్యాలెండర్ లెక్కలో ఏప్రిల్ 15. బాబిలోన్ మీద సంపూర్ణ సూర్యగ్రహణం. అక్కడ రోజూ ఆకాశం చూసి తడి మట్టి పలకల మీద నోట్ చేసే ఉద్యోగులు ఉండేవారు. వాళ్ళ టైమ్ యూనిట్ మనకి 4 నిమిషాలు. సూర్యోదయం అయిన 24 యూనిట్లకి, అంటే 96 నిమిషాలకి గ్రహణం మొదలైందని రాశారు. ఇంకో 18 యూనిట్లకి పూర్తిగా చీకటి. శుక్రుడు, బుధుడు కనిపించారు, మామూలుగా ఆ రోజుల్లో కనపడని గురుడు, కుజుడు కూడా కనిపించారు. గాలి ఉత్తరం నుంచి వీచిందని కూడా రాశారు. మట్టుకి నేనైతే ఇంత శ్రద్ధగా ఒక్క కామెంట్ కూడా రాయలేదు!

ఇప్పుడు కంప్యూటర్‌లో ఆ గ్రహణాన్ని వెనక్కి లెక్కేద్దాం. భూమి ఎప్పుడూ ఇదే స్పీడ్‌లో తిరిగిందనుకుంటే, ఆ నీడ బాబిలోన్ మీద పడదు. దాదాపు 49 డిగ్రీలు పడమరకి, మధ్యధరా సముద్రం అవతలి కొస వైపు పడుతుంది. అంటే పలక అబద్ధమా? లేదా భూమి అనే గడియారమే తేడానా?

ఇంగ్లండ్‌లోని డరమ్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ స్టీఫెన్సన్ ఏళ్ళ తరబడి చేసిన పని ఇదే. బాబిలోన్, చైనా, గ్రీసు, అరబ్బుల పాత గ్రహణాలన్నీ పోగేసి చూస్తే తేడా అన్నిట్లో ఒకే తీరులో ఉంది. 2016లో ఆయన టీమ్ తేల్చిన లెక్క: రోజు పొడవు వందేళ్ళకి సుమారు 1.8 మిల్లీసెకన్లు పెరుగుతోంది.

ఇంత చిన్న నంబర్‌తో మూడు గంటలు ఎలా వచ్చాయి? కాలిక్యులేటర్ తీయండి. బాబిలోన్ గ్రహణం నుంచి 1800ల దాకా సుమారు 7 లక్షల రోజులు. ఆ రోజులన్నీ సగటున 16, 17 మిల్లీసెకన్లు పొట్టివి. గుణిస్తే 12 వేల సెకన్లకి దగ్గరగా వస్తుంది. మూడుంపావు గంటలు. ఆ టైమ్‌లో భూమి తిరిగేది దాదాపు 49 డిగ్రీలు. సెట్ అయిపోయింది!

నిజానికి ఈ అనుమానం పాతదే. 1695లో ఎడ్మండ్ హేలీ, అదే తోకచుక్క హేలీ, పాత గ్రహణాలు చూసి చంద్రుడు స్పీడ్ పెంచినట్టున్నాడే అన్నాడు. 1787లో లాప్లాస్ దానికి కారణం చెప్పేశాడు, లెక్క అచ్చంగా సరిపోయింది. టెస్ట్ పాస్, ఇష్యూ క్లోజ్డ్. 1853లో జాన్ ఆడమ్స్ ఆ లెక్కని మళ్ళీ చేసి, అది సగమే వివరిస్తుందని చూపించాడు. పెద్ద గొడవ అయింది. చివరికి 1865లో డెలోనే మిగతా సగానికి కారణం భూమే అన్నాడు. చంద్రుడు స్పీడ్ అవ్వలేదు, మన గడియారం లేట్ అయింది.

బ్రేక్ వేసేది ఆటుపోట్లు. చంద్రుడి లాగుడికి సముద్రం ఉబ్బుతుంది. భూమి వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆ ఉబ్బు కాస్త ముందుకి జరుగుతుంది. చంద్రుడు దాన్ని వెనక్కి లాగుతాడు. భూమి పోగొట్టుకున్నది చంద్రుడికి చేరి, ఆయన ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. అపోలో వాళ్ళు అక్కడ పెట్టిన అద్దాల మీద లేజర్ కొట్టి కొలిచిన లెక్క ఇది.

మీలో కొందరు కామెంట్స్‌లో అడుగుతారు: "అన్నా, భూమి స్పీడ్ పెరిగిందని న్యూస్ చూశాం కదా?" కరెక్టే. 2024 జూలై 5న రోజు 24 గంటల కంటే 1.66 మిల్లీసెకన్లు తక్కువ. ఇవి కొన్నేళ్ళపాటు వచ్చిపోయే ఎగుడుదిగుళ్ళు. భూమి లోపలి ద్రవం కదలికలు కూడా ఇందులో చేయి వేస్తాయి. చంద్రుడి బ్రేక్ మాత్రం పడుతూనే ఉంటుంది.

సర్వర్లకి తలనొప్పి అని లీప్ సెకండ్‌ని 2035 లోపు పక్కన పెట్టాలని 2022లో దేశాలు ఓటేసి నిర్ణయించాయి. ఇంజనీర్‌గా నాకు హ్యాపీనే. నేను లేపేసిన లైన్ మాత్రం ఆ సాయంత్రమే బ్యాకప్‌లోంచి తీసి మళ్ళీ పెట్టేశా, పక్కన కామెంట్ కూడా రాసి. ఈసారికి ఇంతే, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.